నలభై రెట్లు

మొదటిసారి చూసింది మైక్రోస్కోపులో కాదు.
రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు,
అరండల్‌పేట తొమ్మిదో లైనులో కరెంటు పోయి
ఫ్యాను రెక్కలు ఆగీ ఆగకుండా ఉన్నప్పుడు
నా గడ్డం మీంచి ఒక చెమట బొట్టు
ఎవరిదో ఫోను మీద పడింది.
చున్నీ అంచుతో తుడవబోయి ఆగాను.
బొట్టు కింద తెల్లటి తెర
తెల్లగా లేదు.
ఎరుపు, ఆకుపచ్చ, నీలం,
రంగు వేసిన ఆవాలు ఎవరో ఒలకబోసినట్టు.

సిలార్ భాయ్‌ని పిలిస్తే
"మామూలేనమ్మా, తుడువు" అన్నాడు.
పద్దెనిమిదేళ్లుగా తెరలు మారుస్తున్న మనిషికి
తెరలు మూడు రకాలే:
పగిలింది, పగలబోయేది, డూప్లికేటు.

మరుసటేడు ఆయనే
రెండు కళ్ల మైక్రోస్కోపు తెచ్చి బల్లకి బిగించాడు,
చిప్పులకి టంకం పెట్టడానికి.
పనయ్యాక, షట్టరు సగం దించాక,
నేను దాని కింద తెరలు పెట్టేదాన్ని.

పాత ఫోన్లలో నిలువు పుల్లలు,
అగ్గిపెట్టెలో సర్దినట్టు.
కొత్తవాటిలో బిళ్లలు, ఐమూలగా,
మధ్య మధ్య కటిక చీకటి.
ఆకుపచ్చవి చిన్నవి, చాలా.
నీలానివి పెద్దవి. త్వరగా అలిసిపోతాయట,
అందుకని ఎక్కువ చోటు ఇచ్చారట.
అలిసిపోయేవాళ్లకి ఎక్కువ చోటు!
ఈ న్యాయం నేను ఇంకెక్కడా చూడలేదు.

దుగ్గిరాల వ్యాపారి ఒకాయన
కొమ్ముల రాశి ముందు తీయించుకున్న ఫోటో
తెర మీద అలాగే వదిలేసి వెళ్లాడు.
ఆ పసుపు కోసం అంగుళం అంగుళం వెతికాను.
ఒక్క పసుపు చుక్క లేదు.
ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కనే,
ఒకదాన్నొకటి తాకకుండా వెలుగుతున్నాయి.
పసుపు తయారవుతున్నది నా కంట్లో.
సాయంత్రం చెబితే ఆయన పెద్దగా నవ్వాడు:
"రేటు కూడా అంతేనమ్మా,
దూరంనించి చూస్తేనే ఉంటది."

పోయిన చలికాలం
పెద్దాసుపత్రి నర్సు మేరీ సుగుణ గారు
తెర మీద ఆకుపచ్చ గీత పడిందని వచ్చింది.
ఫోను నా చేతిలో పెట్టి, తన చెయ్యి తియ్యలేదు.
"లాకు తీయకుండా కుదరదా?"
ఏదో షాపులోంచి ఎవరివో ఫోటోలు బయటికొచ్చాయని
ఆ నెలంతా ఊళ్లో అదే మాట.
ఆవిడ అడిగేది లాకు గురించి కాదని
ఈ బల్ల వెనక కూచునే ఎవరికైనా తెలుసు.

స్టూలు ఆవిడ వైపు జరిపాను.
"మీకిష్టమైన ఫోటో మీరే పెట్టండి.
నాకు ఏం కనబడుతుందో మీరే చూడండి."

కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి వంగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.
బయట ఆటోవాడు ఎవరితోనో చిల్లర తగువు.

"ఇందులో నేనేదీ?"
"మీ చెంప దగ్గరున్నామండీ."
"చెంపా! గుణదల తిరనాళ్ల రాత్రి
కొండ మీంచి చూసినట్టుంది."
"ఎరుపు ఎక్కువ, ఆకుపచ్చ సగం, నీలం చిటికెడు.
చామనఛాయ అంటే ఇంతే."
తెర కొంచెం జరిపాను.
"ఈ చీకటి?"
"మీ జడ. అక్కడ ఏదీ వెలగదు."
"పూలు పెట్టుకున్నానే ఆ రోజు."
"అవిగో, మూడూ కలిసి మండుతున్న చోట."

తర్వాత గీత దగ్గరికి తీసుకెళ్లాను.
పైనుంచి కిందిదాకా ఒకటే వరస,
ఆరడం మర్చిపోయిన దీపాలు.
"నైటు డ్యూటీ దిగనివ్వలేదు పాపం వీటిని,"
అంటూ కళ్లజోడు కిందికి దించుకుంది.

కొత్త తెరకి ఎంతవుతుందో అడిగింది, బేరమాడింది,
రెండొందలు తగ్గించాను.
ఫోను అలాగే తెరిచి, బల్ల మీద వదిలేసి
ఎదురు బడ్డీలో టీకి వెళ్లింది.

నేను లెన్సులోంచి చూస్తూ
పక్కనున్న మీట నొక్కాను.
గుణదల కొండంతా
ఒక్కసారే చీకటైంది.